అతుకు లేని ముక్క

బెల్జియంలో మా లమోట్ గారి సినిమాల్లో ఎవరు బతకాలి, ఎవరు పోవాలి అన్నది కథను బట్టి ఉండదు, ఆడే ఊరిని బట్టి ఉంటుంది. గెంట్‌కీ ఆంట్వెర్ప్‌కీ వెళ్ళే ఫిల్ము డబ్బాలో కథానాయకుడు గుండు దెబ్బ తిని నేలకూలతాడు. పల్లెలకి వెళ్ళే డబ్బాలో అదే కథానాయకుడు చక్కగా ఇంటికొస్తాడు. "ఏడవడానికి పట్నంవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుంటారు సిడొనీ, పల్లెవాళ్ళకి ఆ పని ఇంట్లోనే దొరుకుతుంది" అనేవారాయన. హెక్టర్ లమోట్ గారు ఓ మాటంటే కాదనడం కష్టం. నేనూ కాదనలేదు. నా తప్పంతా అక్కడే ఉంది.

ఆయన దగ్గర ఫిల్ము కత్తిరించి అతికించే పని నాది. పన్నెండేళ్ళు లేసు అల్లిన చేతులు కనక జిగురు పని వాటికి ఒక లెక్క కాదు. ముక్క చివర పైపూత గీకడం, జిగురు రాయడం, రెండో ముక్క ఆనించి పది లెక్కపెట్టే దాకా నొక్కడం, అంతే. తెర మీద మాటలు చూపించే నల్ల బోర్డుల మీద తెల్ల అక్షరాలు రాసేదీ నేనే. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆయన మెచ్చుకునేవారు, జీతం మాత్రం పెంచేవారు కాదు.

1922 వసంతంలో, యుద్ధానికి వెళ్ళిన ఒక రైతు కొడుకు కథ తియ్యడానికి ఈజర్ నది దగ్గర ఒక పల్లెకి వెళ్ళాం. ఊరు సగం కొత్త ఇటుక, సగం సర్కారు చెక్క షెడ్లు. పొలాలు ఇంకా సరిగ్గా పొలాలు కాలేదు. నాగలి వేస్తే బూట్లు పైకి వచ్చేవి, ఒక్కోసారి ఒట్టి బూట్లు కావు. రైతులు వాటిని గట్టు మీద వరుసగా పెట్టి మళ్ళీ పనిలో పడేవారు, గురువారం గురువారం పోలీసు బండి వచ్చి తీసుకుపోయేది.

కథానాయకుడిగా వేసిన ఓమెర్ గెంట్‌లో ట్రాము కండక్టరు. తల్లి వేషానికి పట్నం నుంచి తెచ్చిన నటీమణి వర్షం చూడగానే తిరుగు రైలెక్కేసింది. లమోట్ గారు తిట్టుకుంటూ ఊళ్ళో తిరుగుతుంటే ఓ గుమ్మంలో బంగాళాదుంపలు చెక్కుతున్న ముసలావిడ కనబడింది. పేరు ఫారైల్డ.

"అమ్మా, మా సినిమాలో అమ్మగా వేస్తావా?" అని అడిగారు.

"వెయ్యడమేంటయ్యా? నేను అమ్మనేగా."

"కొడుకున్నాడా?"

ఆమె కత్తి పక్కన పెట్టి లోపలికెళ్ళి ఓ కాగితం తెచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతే గుడ్డ అంటించి ఉంది. కొడుకు పేరు ఆశీల్. పేరుకి ఎదురుగా సైన్యంవాళ్ళు రాసిన మాట ఒక్కటే, "కనబడుటలేదు".

"ఎనిమిదేళ్ళుగా ఈ ముక్క పట్టుకుని కూచున్నా" అంది ఫారైల్డ. "పోయాడని రాస్తే ఏడ్చేదాన్ని. ఉన్నాడని రాస్తే ఎదురుచూసేదాన్ని. కనబడుటలేదంటే నేనేం చేసేది? తప్పిపోయిన మేకా వాడు?"

పక్కింటి గుమ్మంలోంచి జుల్మా అనే ఆవిడ అందుకుంది. "చర్చి ఫాదర్ దగ్గర చీటీ వేయించుకోలేక చస్తోంది బాబూ. తేదీ లేదు, చోటు లేదు. తేదీ లేకుండా చీటీ వేస్తే బతికున్నవాణ్ణి పూడ్చినట్టేనంట."

పోయినవాళ్ళ పేరు మీద చర్చిలో పంచే చీటీల సంగతి. పుట్టింది ఎప్పుడు, పోయింది ఎక్కడ, ఎప్పుడు, వీరి ఆత్మ కోసం ప్రార్థించండి అని ఉంటుంది. జుల్మా ఇద్దరు కొడుకులకీ చీటీలున్నాయి. ఫారైల్డ ప్రార్థన పుస్తకం నిండా ఊరివాళ్ళ కొడుకులే, సొంత కొడుకు తప్ప.

ఫారైల్డ మా డైరెక్టర్‌ని ఎగాదిగా చూసింది. "మీ సినిమాలో కొడుకు పోతాడా?"

"పోతాడమ్మా."

"ఎక్కడో, ఎప్పుడో చూపిస్తారా?"

"బోర్డు కూడా వేస్తాం."

"మా ఊళ్ళో ఆడిస్తారా?"

"ఎందుకాడించం?"

"అయితే వేస్తాను. ఊరంతా చూడాలి. నేనొక్కదాన్నే చూస్తే కల. ఊరు చూస్తే చావు."

లమోట్ గారు సరేనన్నారు. సరే అనడం ఆయనకి దగ్గు లాంటిది, దానంతటదే వస్తుంది.

మర్నాటి నుంచి ఓమెర్‌కి ఆమె చేతుల్లో నలుగుడు మొదలైంది. చచ్చేవాడు ఎవడో ఒకడైతే ఆమెకి లాభం లేదు, ఆశీలే చావాలి. అందుకని వాడెలా నడిచేవాడో, కొట్టంలోంచి రెండు చేతుల్లో పాలచెంబులతో వస్తూ భుజంతో తలుపు ఎలా తోసేవాడో, గుమ్మం తగలకుండా తల ఎలా వంచేవాడో అన్నీ నేర్పింది.

"అలా కాదు, నీది ట్రాము ఎక్కుతున్నట్టుంది. తలుపు నీకు శత్రువా? మెల్లిగా, పిల్లి వీపు రాసుకున్నట్టు తొయ్యి" అనేది.

"పిన్నమ్మా, నాకు భుజం వాచిపోయింది."

"వాస్తే వాచింది. వాడికి వాచలేదూ?"

నాలుగు రోజులకి ఓమెర్ భుజంతో తలుపు తోసి లోపలికొస్తే, చూస్తూ నిలబడ్డ జుల్మా నోటి మీద చెయ్యేసుకుని అటు తిరిగిపోయింది.

చావు తీసిన రోజు వాన లేదు. నది కట్ట మీద ఓమెర్ సైనికుడి కోటులో పరిగెత్తాడు, ఆగాడు, మోకాళ్ళ మీద పడ్డాడు, తర్వాత పక్కకి ఒరిగాడు. ఊరివాళ్ళు కాఫీ మర అని పిలిచే మా కెమెరాని లమోట్ గారు తనే తిప్పారు. ఆయన వెనకే ఫారైల్డ తలగుడ్డ గట్టిగా కట్టుకుని నిలబడింది. అయిపోయాక ఓమెర్ లేచి మట్టి దులుపుకుంటుంటే ఆమె అటు చూడలేదు.

"ఎంతసేపు బాధపడ్డాడు?" అని అడిగింది.

"నిమిషం కూడా లేదమ్మా" అన్నారు లమోట్ గారు.

"మంచిది" అని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు మేమెవరమూ సరిగ్గా తినలేదు.

ఇక రెండో ముగింపు మిగిలింది. కొడుకు ఇంటికొచ్చే సీను చెయ్యమంటే ఆమె చీపురు తిరగేస్తుందని లమోట్ గారికి తెలుసు. అందుకని అసలు అడగలేదు. "అమ్మా, నువ్వు బల్ల దగ్గర దుంపలు చెక్కుతుంటావు, పోస్టుమాను తలుపు తీస్తాడు, నువ్వు తలెత్తి చూస్తావు, అంతే" అన్నారు. ఆమె అలాగే చేసింది. ఎనిమిదేళ్ళు ప్రతి పోస్టుమానునీ ఎలా చూసిందో అలాగే చూసింది. ఆమె వెళ్ళాక అదే తలుపు బయట నుంచి తోయించి, ఓమెర్‌ని సైనికుడి కోటులో లోపలికి రప్పించి వేరేగా తీశారు.

ఆ రెండు ముక్కలూ గెంట్‌లో నా బల్ల మీదకి వచ్చాయి. ఒకదాంట్లో భుజంతో తలుపు తోసుకుని కొడుకు. రెండోదాంట్లో తలెత్తుతున్న తల్లి. నేను గీకాను, జిగురు రాశాను, పది లెక్కపెట్టాను. తర్వాత చిన్న మరలో వేసి చూశాను. కొడుకొచ్చాడు, తల్లి చూసింది. అంత బాగా కుదిరిన అతుకు నా చేతిలో అంతవరకూ పడలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు గర్వంగానే అనిపించింది.

"ఆ ఊరికి మాత్రం చావు పంపాలండీ, మాటిచ్చారు" అని లమోట్ గారితో ఒకసారి అన్నాను.

"ఆమె ఇల్లే తెర మీద చూపించి, కొడుకు పోయాడని చెప్తామా? ఆ తల్లికి కొడుకునిద్దాం సిడొనీ. సినిమా ఇంకెందుకు?" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. మంచివాళ్ళు చేసే పాపాలకి మందు లేదు. నేను నోరు మూసుకుని డబ్బా కట్టాను.

సెప్టెంబరులో ఓ ఆదివారం మధ్యాహ్నం, పూజ అయ్యాక చర్చి పక్క హాల్లో ఆడించాం. ఫిల్ము తెగితే అతకడానికి నేను బొమ్మ వేసే మర పక్కనే ఉన్నాను. ఫారైల్డ నల్ల బట్టలు కట్టుకుని ముందు వరుసలో ఫాదర్ పక్కన కూర్చుంది. ఊరివాళ్ళు తమ ఆవుల్ని, తమ వాకిళ్ళని గుర్తుపట్టి కేకలేశారు. "అదిగో నీ మేక, జుల్మా, నీకంటే బాగా చేసింది!" అని ఎవడో అరిస్తే హాలంతా నవ్వింది. ఫారైల్డ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని చావు కోసం ఎదురు చూస్తోంది.

తెర మీద తలుపు కదిలింది. భుజం కనబడింది. వంగిన తల కనబడింది. బల్ల దగ్గర ఫారైల్డ తలెత్తి చూసింది. తెర మీద అంతటితో అయిపోయింది, దీపాలు వెలిగాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫారైల్డ లేచి నిలబడింది. ఖాళీ తెర వైపు చూస్తూ, "అది నేనే కదా" అంది. ఫాదర్ ఆమె చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. "వాడొచ్చాడు, నేను చూశాను. నా ఇంట్లోనే. మరి నాకెందుకు గుర్తులేదు?"

ఎనిమిదేళ్ళుగా కనబడుటలేదన్నవాణ్ణి నేను కనబడేలా చేశాను. హాల్లోంచి ఆమె ఒక్కతే నడిచి వెళుతుంటే జనం దారి ఇచ్చారు, ఎవరూ వెంట పోలేదు. నేను ఫిల్ము చుడుతున్నాను, రెండుసార్లు జారవిడిచాను.

మూడు వారాలకి జుల్మా నుంచి ఓ కార్డు వచ్చింది. అందులో ఒక్కటే మాట ఉంది. "మీరు తెచ్చి వదిలినవాణ్ణి మీరే వచ్చి తీసుకుపోండి."

లమోట్ గారు ఆంట్వెర్ప్‌లో ఉన్నారు. గెంట్ హాలుకి వెళ్ళాల్సిన డబ్బాలోంచి చావు ముక్క కోశాను, పన్నెండు మీటర్లు. పల్లె డబ్బాలోంచి ఆ అతుకు ఉన్న ముక్క కోశాను. రెంటినీ బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని రైలెక్కాను. ఉద్యోగం పోతుందని తెలుసు. పోతే పోయింది, లేసు ఉంది.

ఫారైల్డ ఇంట్లో బల్ల మీద రెండు పళ్ళేలున్నాయి. ఆమె చిక్కిపోయింది. నన్ను చూసి కోప్పడలేదు, చికోరీ కాఫీ పోసింది.

"వస్తున్నాడు పిల్లా" అంది. "రోజూ, పాలు పితికే వేళకి. తలుపు కదుల్తుంది, నేను తలెత్తి చూస్తాను. అంతవరకే వస్తాడు. తర్వాత ఏమవుతుందో మీరు తియ్యలేదుగా. లోపలికి రాడు, వెనక్కి పోడు. నా బిడ్డని గుమ్మంలో నిలబెట్టేశారు."

ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని నోరు తెరిచాను. అప్పుడే తలుపు మీద చప్పుడైంది, మెత్తగా, భుజం ఎత్తున. గాలే అయ్యుంటుంది, ఆ ఊళ్ళో సముద్రం వైపు నుంచి గాలి ఎప్పుడూ ఉంటుంది. కానీ నేను తలెత్తి చూశాను. తెర మీద ఆమె ఎలా చూసిందో సరిగ్గా అలాగే చూశాను.

"చూశావా" అంది ఫారైల్డ.

నేను బిస్కెట్ డబ్బా తెరిచాను. అతుకు ఉన్న ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాను. "ఇదిగో అమ్మా, ఇక్కడిదాకా ఓమెర్. ఇక్కణ్ణుంచి నువ్వు. మధ్యలో ఈ గీత నా జిగురు. నువ్వు చూసింది పోస్టుమానుని. ఓమెర్ వచ్చేసరికి నువ్వు గదిలోనే లేవు. ఈ రెండూ కలిపింది నేను."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. అతుకు మీద గోరుతో గీకింది. నేను రెండు చేతులతో ముక్కని పట్టి లాగాను, టప్పున విడిపోయింది. ఒక చేతిలో కొడుకు, ఒక చేతిలో తల్లి. ఆమె నిట్టూర్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది, పని అయిపోయిందనుకున్నాను.

"అయితే రాలేదు" అంది.

"రాలేదమ్మా."

"మరి పోవడం? నది కట్ట మీద పోవడం? అదీ జిగురేనా?"

దేవుడి తోడు, ఆ ప్రశ్న వస్తుందని నాకు తట్టలేదు. వాడు రావడం అబద్ధమని రుజువు చేసి, పోవడం కూడా ఆమె చేతుల్లోంచి లాగేసుకుంటున్నానని నాకు తెలియలేదు. అవునంటే ఆమెకి మళ్ళీ ఆ గుడ్డ అంటించిన కాగితమే మిగులుతుంది. డబ్బాలోంచి చావు ఉన్న ఫిల్ము చుట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని కిటికీ దగ్గర విప్పసాగింది. పరిగెత్తే ఆశీల్, ఆగిన ఆశీల్. ప్రతి బొమ్మ మీదా వేలు పెట్టి తడిమింది. లమోట్ గారు ఆ రోజు మర ఆపకుండా తిప్పారు, నేనూ అందులో దేన్నీ కొయ్యలేదు. మోకాళ్ళ మీద పడ్డ ఆశీల్, పక్కకి ఒరిగిన ఆశీల్. చివరిదాకా తడిమింది.

"ఇందులో అతుకు లేదే" అంది.

"లేదమ్మా. ఒకే ముక్క."

అది నిజం. అంతకంటే పెద్ద అబద్ధం నేను జన్మలో ఆడలేదు.

"జుల్మా!" అని ఆమె కేకేసింది. "ఫాదర్‌ని పిలువు. అందర్నీ పిలువు!"

వచ్చారు. కాలుస్తున్న పొగాకు చుట్టలు ఆర్పమని నేను గుమ్మంలోనే బతిమాలాను, ఆ ఫిల్ముకి నిప్పురవ్వ చాలు. ఇంట్లో పట్టక గుమ్మం బయట వాకిట్లోకి, వాకిట్లోంచి రోడ్డు మీదకి వరుసగా నిలబడ్డారు. ఫారైల్డ ఫిల్ము మొదలు జుల్మా చేతికిచ్చింది, జుల్మా పక్కవాడికిచ్చింది. పన్నెండు మీటర్ల ఫిల్ము చేతులు మారుతూ రోడ్డు దాకా సాగింది. ఒక్కొక్కరూ ఆకాశం వైపు ఎత్తి చూశారు, తడిమారు, పక్కవాళ్ళకి జరిపారు. రైతుల మట్టి వేళ్ళ మధ్య ఆశీల్ కొంచెం కొంచెంగా నేలకి ఒరిగాడు. మగవాళ్ళు టోపీలు తీశారు.

ఫాదర్ చివరిదాకా చూసి వెనక్కి వచ్చారు. ఆయన పిచ్చివాడు కాదు. సినిమా అంటే ఏంటో ఆయనకి నాకు తెలిసినంతా తెలుసు. నా వైపు సూటిగా చూశారు, నేను కళ్ళు దించుకున్నాను. ఆయన జేబులోంచి పెన్సిలు తీశారు.

"తేదీ?" అన్నారు.

బోర్డు నేను తీసుకురాలేదు. అది వేరే ముక్క, అతికించాల్సినది. వాకిలి నిండా ఉన్న మొహాలన్నీ నా వైపు తిరిగాయి. ఆ బోర్డు మీద నేను తేదీ వేసినప్పుడు అంకె ఏదైనా ఒకటే, వరుస చివర ఖాళీ నిండితే చాలనుకున్నాను.

"పద్నాలుగో సంవత్సరం, అక్టోబరు ఇరవైనాలుగు. ఈజర్ కట్ట మీద" అన్నాను.

ఫాదర్ రాసుకున్నారు.

"పొద్దున్నా, సాయంత్రమా?" అని ఫారైల్డ అడిగింది.

అది ఏ బోర్డు మీదా లేదు. "పొద్దున్నే" అన్నాను.

ఆమె ఆలోచించింది. వేళ్ళ మీద ఏవో రోజులు లెక్కపెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇప్పటికీ ఆ చోటు నాకు తెలుసు.

"ఆ పొద్దున మేం బండి మీద వ్యూర్న్ పట్నం దారిలో ఉన్నాం పిల్లా, ఊరొదిలి పారిపోతూ" అంది. "వెనక కట్టిన ఆవు నడవనని మొరాయించింది. నేను దిగి దాన్ని తిట్టాను, కర్రతో కొట్టాను. నా బిడ్డ చచ్చిపోతుంటే నేను ఆవుని తిడుతున్నాను."

అని అప్పుడు ఏడ్చింది. ఎనిమిదేళ్ళలో ఆమె ఏడవడం అదే మొదలని జుల్మా తర్వాత చెప్పింది. జుల్మా వచ్చి ఆమెని పట్టుకుంది, మరో ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. ఆ పొద్దున ఆశీల్ బతికే ఉన్నాడేమో, ఆవుని తిట్టినందుకు ఆమె ఏడవక్కర్లేదేమో, నాకు తెలియదు. ఆ తేదీ నేను ఊరికే వేసిందని ఆమెకి అప్పుడు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.